మ్రింగిన మాత్ర ఎటు పోవును?

(పల్నాడు జిల్లా గ్రామ పంచాయతీ సభ్యుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



క్షయరోగుల నోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "రెండు నెలలు మందు వాడితిని. దగ్గు తగ్గినది, ఆకలి పుట్టినది, ఒళ్లు కొంచెము కోలుకొన్నది. ఇక మందెందుకు?" ఈ మాట వినిననాడు ఆ యింటికి, ఆ వాడకు ప్రమాదము మరల మొదలగుచున్నదని మనము గ్రహింపవలెను. రోగిని కసరి లాభము లేదు. మాత్ర కడుపులోనికి పోయిన పిదప ఏమగునో అతనికి విడమరచి చెప్పినవారు ఉండి యుండరు. ఆ సంగతినే నేడు మీకు నివేదింపదలచితిమి. మీకు తెలిసినచో మీ ఊరిలో పదిమందికి తెలియును.

1967వ సంవత్సరమున నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిన నాటినుండి పల్నాటి రైతునకు నీటి నడక బాగుగ తెలిసినదే. ప్రధాన కాలువనుండి మేజరునకు, మేజరునుండి మైనరునకు, తూము దాటి బోదెలోనికి, బోదెనుండి మడిలోనికి నీరు చేరును. నేల త్రాగినంత త్రాగును. కొంత ఎండకు ఆవిరియగును. మిగిలినది మురుగుకాలువ పట్టి పోవును. ఒకనాడు పెట్టిన తడి పంటకాలమంతయు పైరును కాపాడలేదు. మన దేహములో మందు నడకయు ఇంచుమించు ఇట్టిదే. లోనికి చేరుట, అంతటికి పారుట, మార్పు చెందుట, వెలికి పోవుట అని దానికి నాలుగు మజిలీలు కలవు.

మొదటిది లోనికి చేరుట. మ్రింగిన మాత్ర కడుపులో కరగి, చిన్నప్రేగుల గోడలగుండ రక్తములో కలియును. క్షయకు ఇచ్చు మందులలో ముఖ్యములైన ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ అను రెండును అన్నముతో కలిసిన యెడల రక్తములోనికి తక్కువగా చేరును. అందువలననే పరగడుపున మ్రింగుమని చెప్పుదురు. కడుపుమంటకు వాడు కొన్ని మందులు కూడ ఐసోనియాజిడ్‌ను అడ్డగించును. కావున ఆ రెంటిని ఒక్కసారిగా మ్రింగరాదు. పరగడుపున వికారము పుట్టినచో మాత్ర మానుటకు మారుగా ఆరోగ్య కార్యకర్తను అడుగవలెను. ఆమె తగిన ఉపాయము చెప్పగలదు.

రెండవది అంతటికి పారుట. ప్రేగులనుండి బయలుదేరిన రక్తము తిన్నగా గుండెకు పోదు. ముందుగా కాలేయమును దాటి పోవలెను. అచ్చటినుండి గుండెకు, ఊపిరితిత్తులకు, ఒడలంతటికి మందు చేరును. క్షయక్రిములు కొన్ని ఊపిరితిత్తులలోని గుల్లలలో పెరుగును. కొన్ని జీవకణముల లోపల దాగి, చాలకాలము నిద్రించినట్లుండును. ఒక్క మందుతో ఇన్నిటిని చంపుట సాధ్యము కాదు. అందుచేతనే మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు మూడు మందులు ఇచ్చుచున్నారు. రోగి బరువునుబట్టి మాత్రల సంఖ్యను నిర్ణయింతురు. రిఫాంపిసిన్ ఒడలంతట వ్యాపించుటవలన మూత్రము, చెమట, కన్నీరు ఎఱ్ఱనై నారింజవన్నెకు తిరుగును. దానిని చూచి నెత్తురు పడుచున్నదని బెదరి మందు మానరాదు. మందు ఒడలికి పట్టినదనుటకు అది గుర్తు.

మూడవది మార్పు చెందుట. ఈ పనిలో కాలేయమే ప్రధానము. దేహమునకు మందు పరాయి వస్తువు. దానిని విడగొట్టి, రూపు మార్చి, వెలికి పంపుటకు వీలుగా చేయుట కాలేయము పని. ఈ పని అందరిలోను ఒకే వేగముతో జరుగదు. కొందరిలో ఐసోనియాజిడ్ గంట, గంటన్నరలో సగమగును. మరికొందరిలో సగమగుటకు మూడు, నాలుగు గంటలు పట్టును. ఇది బలముననుసరించి గాని, తిండిననుసరించి గాని వచ్చిన భేదము కాదు. తల్లిదండ్రులనుండి వచ్చినది. దక్షిణ భారతదేశమున నూటికి సుమారు అరువదిమంది నెమ్మదిగా మార్చువారే. వీరిలో కొందరికి కాళ్లు, చేతులు తిమ్మిరెక్కి మంటలు పుట్టవచ్చును. అట్లు కాకుండ బి-6 విటమిను ఇత్తురు.

ఈ విషయమును శోధించినవారిలో మన పొరుగుననున్న మద్రాసువారు ముఖ్యులు. 1956లో భారత వైద్య పరిశోధన మండలి, బ్రిటిష్ వైద్య పరిశోధన మండలి, ప్రపంచ ఆరోగ్య సంస్థ, మద్రాసు ప్రభుత్వము కలిసి అచ్చట క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమును నెలకొల్పినవి. ఇరుకు ఇండ్లలో, చాలీచాలని తిండితో నున్న రోగులకు ఇంటివద్దనే మందులిచ్చిరి. వారు మందు వాడుచున్నారో లేదో తెలియుటకు మూత్రమును పరీక్షించిరి. మందు తప్పక వాడినచో శానిటోరియములో నున్నవారికివలెనే ఇంటనున్నవారికిని నయమగునని 1959లో లోకమునకు తెలిపిరి. తరువాత వారమునకు ఒక్కసారి మందిచ్చు పద్ధతులను పరీక్షించినపుడు, మందును వేగముగా మార్చివేయు దేహము గలవారికి ఫలము తక్కువగా కనబడెను. ప్రతిదినము ఇచ్చినపుడు ఈ భేదము లెక్కకు రాలేదు. దీనినిబట్టి మనము నేర్వదగినదేమి? నెమ్మది దేహమైనను, వేగపు దేహమైనను, దినదినము మ్రింగిన మాత్రయే ఇరువురిని కాపాడును. మన దేశమున వారమునకు మూడుమారులు ఇచ్చు పద్ధతిని విడిచి, 2017నుండి ప్రతిదినము ఇచ్చు పద్ధతిని అంతటను అవలంబించిరి.

నాల్గవది వెలికి పోవుట. రూపు మారిన మందు కొంత మూత్రపిండముల ద్వారా మూత్రములోను, కొంత పిత్తముతో కలిసి మలములోను పోవును. ఇథాంబుటాల్ అను మందు చాలవరకు మూత్రపిండముల గుండనే పోవును. కావున మూత్రపిండముల జబ్బు గలవారు ముందే వైద్యునకు చెప్పవలెను. ఈ మందు వాడునపుడు చూపు మసకబారినను, రంగులు సరిగా కనబడకున్నను వెంటనే చెప్పవలెను.

ఇప్పుడు మొదటి మాటకు వత్తము. మందు దేహములో నిలువయుండదు. నేటి మాత్రలో రేపటికి మిగులునది అతిస్వల్పము. నాలుగు దినములు మాని, ఐదవదినము రెట్టింపు మ్రింగినంతమాత్రమున పోయిన దినములు తిరిగి రావు. కాలేయమునకు బరువు మాత్రము పెరుగును. దగ్గు తగ్గుట చావగల క్రిములు చచ్చినవనుటకు గుర్తు. నిద్రించు క్రిములు ఇంకను మిగిలియే యుండును. నడుమ మందు మానినచో అవి మేల్కొని పెరుగును. మందు వేయుచు మానుచు ఉన్నచో మందునకు లొంగని క్రిములు తలయెత్తును. అప్పుడు చికిత్స మరింత కష్టము. అట్టి క్రిములు ఒకరి దగ్గునుండి గాలిద్వారా మరియొకరికి అంటును. ఒక యింటివారు మానిన మాత్ర ఊరందరి సమస్య యగుట ఇట్లే.

కాలేయముపై ఇంత భారముండగా సారాయి పోయుట దానికి రెండవ భారము మోపుటయే. చికిత్సాకాలమున మద్యము ముట్టరాదు. పసరు మందులు, వేరు మందులు వాడుచున్నచో దాచక వైద్యునకు చెప్పవలెను. కన్నులు పచ్చబడి, వాంతులై, అన్నము సహింపకున్నచో పసరు వైద్యమునకు పోక, ఆనాడే ఆస్పత్రికి చేరవలెను. రిఫాంపిసిన్ కాలేయమును చురుకు చేయుటవలన ఇతర మందులు కూడ త్వరగా కరగిపోవును. కుటుంబ నియంత్రణ మాత్రలు, మధుమేహపు మాత్రలలో కొన్ని, రక్తము గడ్డకట్టకుండ వాడు మందులు ఇట్టివి. వీనిని వాడువారు వైద్యునకు తప్పక తెలుపవలెను.

పంచాయతీ సభ్యులు చేయదగినదేమి? రెండు వారములు మించిన దగ్గును సున్నపు బట్టీల దుమ్మనియు, మిరప ఘాటనియు త్రోసివేయక, కళ్లె పరీక్షకు పంపవలెను. మిరపకోతలకు పరాయి జిల్లాలనుండి వచ్చు కూలీలలో చికిత్స పొందుచున్నవారు ఉండవచ్చును. వారి పేరును నిక్షయ్ పట్టికలో ఇచ్చటి ఆరోగ్య కేంద్రమునకు మార్పించినచో మందు ఇచ్చటనే దొరకును. రోగి పోషణకై 2018 ఏప్రిలునుండి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరునుండి 1,000 రూపాయలు ఇచ్చు పథకము కలదు. ఆ సొమ్ము ఖాతాలో పడుచున్నదో లేదో విచారింపవలెను.

క్షయరహిత పంచాయతీల కార్యక్రమము 2023లో ఆరంభమైనది. వేయి జనాభాకు కనీసము 30 మందికి పరీక్ష జరుపుట, చికిత్స పొందినవారిలో నూటికి 85 మందికి తగ్గక జయము కలుగుట దాని నియమములలోనివి. ఆ పేరు కొరకు రోగిని దాచుట తగదు. దాచిన రోగము పదియిండ్లకు ప్రాకును. అట్లే రోగి పేరును రచ్చబండపై చాటరాదు. పళ్లెము, మంచము వేరు చేసి అవమానింపరాదు. ఈ రోగము గాలిద్వారా అంటునుగాని పళ్లెముద్వారా కాదు.

మీ వార్డులో మందు వాడుచున్నవారి ఇంటికి ఆశా కార్యకర్తతో కలిసి వెళ్లుడు. నేటి మాత్ర వేసికొంటివా అని ఆప్యాయముగా అడుగుడు. ఆ మాత్ర రేపటికి కరగిపోవునని, అందుకే రేపు మరల వేయవలెనని చెప్పుడు. ఆరునెలలు నిండువరకు ఈ యొక్కమాట విడువకున్నచో ఒక కుటుంబము నిలుచును, ఊరికి రక్షణ కలుగును.