అంటు కట్టిన తీగ



పళ్లెమువంటి కుండీలో వృక్షమును పెంచు కళను జపానువారు బోన్సాయి యందురు. వారు ఫుజి యని పిలుచు విస్టీరియా తీగ వసంతమున ఊదారంగు పూలగుత్తులను వ్రేలాడదీయును. దానిని కుండీలో పెంచగోరు క్రొత్తవారికి కొన్ని మాటలు మనవి చేయుచున్నాము.

విత్తనము నాటినచో పువ్వు కనబడుటకు 10, 15 ఏండ్లు పట్టవచ్చును. కావున పూచుచున్న తీగకే అంటు కట్టుట మేలు. వసంతమున బొటనవ్రేలి లావు కొమ్మకు అంగుళము మేర చుట్టును బెరడు తీసి, తడినాచు పొదిగి, తడి ఆరకుండ గట్టిగా కట్టవలెను. కొన్ని నెలలకు వేళ్లు నిండిన పిమ్మట కోసి కుండీలో నాటవలెను. తల్లితీగ ముదురుతనము కొమ్మకును ఉండును గావున పూత త్వరగా వచ్చును.

దీనికి నిండు ఎండ కావలెను. వేసవిలో మట్టి ఆరరాదు. ఇది చిక్కుడు కుటుంబములోనిది. నత్రజని యెరువు మిక్కుటమైనచో ఆకులే గాని పూలుండవు. గింజలు విషము, పిల్లలకు అందనీయరాదు. చలికాలపు చలి తగలనిదే ఇది చక్కగా పూయదు. వేడి మైదానములవారు కాగితపుపూల తీగతో ఇదే పని అభ్యసింపవచ్చును.

వేళ్లు దిగకమునుపే తొందరపడి కోసినచో ఆ కొమ్మ తరచు వాడిపోవును. మన పిల్లల చదువును ఇట్టిదే యని మా విశ్వాసము. ఇంటిభాషలో చదువుటయు వ్రాయుటయు కుదిరిన బిడ్డ రాష్ట్రభాషను, ఆంగ్లమును తేలికగా నేర్చును. రెండవ తరగతియైనను ముగియకమునుపే బిడ్డను మన బడి మాన్పింపదలచువారు ఈ మాట ఆలోచింప ప్రార్థించుచున్నాము. అంటుకు కొన్ని నెలలు ఆగినట్లే బిడ్డకై కొన్ని యేండ్లు ఆగుదము.