దుకాణంలో మనుషుల లెక్క

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను ‘హెచ్.ఆర్. కన్సల్టెంట్’ అని పరిచయం చేశారు. పక్కన కూర్చున్న మా బ్యాచ్ మిత్రుడు వెంటనే చెవిలో అడిగాడు: "అంటే మనుషులను పనిలోంచి తీసేసే పనా నీది?" కాదు. కామారెడ్డిలోనూ, అక్కడి నుంచి ఎల్లారెడ్డి దాకానూ ఉన్న రైస్ మిల్లులు, బట్టల దుకాణాలు, నర్సింగ్ హోంలు, ప్రైవేటు బడులకు నెలకొకసారి పోతాను. ఐదుగురి నుంచి ముప్పై మంది దాకా పనిచేసే చోట్లు అవి. హాజరు, జీతం, సెలవు, పీఎఫ్, ఈఎస్ఐ లెక్కలు సరిచూసి వస్తాను. పెద్ద కంపెనీలో ఈ పనికి ఒక డిపార్టుమెంటు ఉంటుంది. మన దగ్గర సేటు జేబులో ఒక చిట్టీ ఉంటుంది.

మన ప్రాంతంలో ఈ లెక్క తెలిసినవాళ్లు ఎవరూ లేరనుకోకండి. మన అమ్మలకే తెలుసు. ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చేసిన అమ్మల పిల్లలం ఈ హాలులో చాలామందిమి ఉన్నాం. బీడీ కార్మికులకు 1966లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు మా ఉద్యోగులు కారని కంపెనీలు కోర్టుకెక్కితే, వాళ్లకూ పీఎఫ్ వర్తిస్తుందని 1985లో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి మొదలుపెట్టినప్పుడు ఆ పీఎఫ్ నంబరే ఆధారమైంది. నంబరు ఉన్నామె పేరు జాబితాలోకి ఎక్కింది. పక్కింట్లోనే కూర్చుని, అవే బీడీలు ఇంకొకరి పేరు మీద చేసినామె ఆఫీసుల చుట్టూ తిరిగింది. మా వాడకట్టులో ఇద్దరినీ చూశాను.

ఇక నేను ఈ పనిలోకి దిగిన కొత్తలో జరిగిన సంగతి చెబుతాను. ఒక రైస్ మిల్లు. పేరు వద్దు. పదకొండు మంది పనివాళ్లు. వాళ్లలో ఒకతను మిల్లు పెట్టిన రోజు నుంచీ ఉన్నాడు. యజమాని ఇంట్లో పెళ్లయితే వంటల దగ్గర ఇతనే, ఇతని బిడ్డ పెళ్లికి యజమాని పుస్తె కొనిచ్చాడు. ఒక యాసంగి సీజనులో రాత్రిపూట బెల్టులో చెయ్యి పడి మూడు వేళ్లు పోయాయి. యజమాని తన కారులోనే హైదరాబాదు తీసుకుపోయాడు, ఆసుపత్రి బిల్లు కట్టాడు. అక్కడిదాకా ఇద్దరూ అన్నదమ్ముల్లాగే ఉన్నారు.

నష్టపరిహారం దగ్గర తెగింది. పరిహారం జీతాన్ని బట్టి లెక్క కడతారు. జీతం 15 వేలని ఇతను, 12 వేలని ఆయన. పెద్దమనుషులు కూర్చున్నారు, నన్నూ పిలిచారు. ఇద్దరూ నిజమే చెప్పారు. నెల జీతం 12 వేలు. సీజనులో రాత్రి పనికీ, బస్తాల లెక్కకూ కలిపి ఇంకో మూడు వేలు చేతికిచ్చేవారు. అది ఎక్కడా రాయలేదు. హాజరు పుస్తకం అడిగితే ధాన్యం తూకాల పుస్తకం తెచ్చారు. ఏ రోజు ఎన్ని క్వింటాళ్లు వచ్చాయో కిలోతో సహా ఉంది. ఏ రోజు ఎవరు పనికి వచ్చారో లేదు.

నిజానికి పది మంది దాటిన ఆ మిల్లుకు ఈఎస్ఐ తప్పనిసరి. నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లందరూ అందులోకి వస్తారు. 15 వేల జీతానికి పనివాడి వాటా 0.75 శాతం, అంటే 112 రూపాయల 50 పైసలు. యజమాని వాటా 3.25 శాతం, 487 రూపాయల 50 పైసలు. పదకొండు మందికీ యజమాని నెలకు కట్టాల్సింది ఐదున్నర వేలలోపే. అది కట్టి ఉంటే వైద్యం వాళ్లు చూసేవాళ్లు. మంచం మీద ఉన్నన్ని రోజులు జీతంలో 90 శాతం వచ్చేది. పోయిన వేళ్లకు బతికినంతకాలం నెలనెలా ఎంతో కొంత అందేది. పరిహారం భారం యజమాని నెత్తిన పడేది కాదు. చివరికి ఒక మొత్తానికి ఒప్పుకున్నారు. డబ్బు చేతులు మారింది. ఇప్పుడు ఇద్దరూ రోడ్డు మీద ఎదురుపడితే తల తిప్పుకుంటారు. ఆ మిల్లు యజమాని ఎవరినీ మోసం చేసేవాడు కాదు. నాకు బాధ కలిగించేది అదే.

ఇంకో రకం యజమానులు ఉన్నారు. వీళ్ల మీద నాకు కొంచెం కోపం, చాలా ప్రేమ. దుబాయి, మస్కటు, సౌదీ పోయి పదేళ్లు కష్టపడి వచ్చి టైల్సు దుకాణమో, హోటలో పెట్టినవాళ్లు. కాంట్రాక్టు కాగితం విలువ వీళ్ల కన్నా ఎవరికి తెలుసు? ఏజెంటు ఇక్కడ ఒక జీతం చెప్పి, అక్కడ దిగాక ఇంకో కాగితం మీద సంతకం పెట్టించుకుంటే కూలిపోయినవాళ్లు ఉన్నారు. అలాంటి ఒకాయన్ను అడిగాను, "అన్నా, నీ దగ్గర పనిచేసే పిల్లలకు కాగితం ఇచ్చావా?" అని. "మనోళ్లే గదా, కాగితం దేనికి?" అన్నాడు. కాసేపు ఊరుకుని, "ఆ ఏజెంటు కూడా మనోడే" అని తనే అన్నాడు. మరుసటి వారం ఏడుగురికీ రాసిచ్చాడు.

అడ్వాన్సుల సంగతి కూడా చెప్పాలి. పండుగకో, పెళ్లికో ముప్పై వేలు ఇస్తారు. లెక్క నోటిమాట. మనిషి వేరే దుకాణానికి పోతానంటే, "బాకీ తీర్చి పో" అంటారు. బాకీ అడగడం తప్పు కాదు. బాకీ ఉంది కాబట్టి పోవద్దనడం మాత్రం నేరం, 1976 నుంచి. నిజాం కాలంలో దాన్నే భగేలా అన్నారు. మన తాతల్లో అటు అప్పిచ్చినవాళ్లూ, ఇటు చాకిరీ చేసినవాళ్లూ ఉన్నారు. ఎంత ఇచ్చారు, నెలకు ఎంత పట్టుకుంటారు, మధ్యలో పోతే ఎలా, మూడు వాక్యాలు రాసి ఇద్దరూ సంతకం చేస్తే చాలు.

నా తప్పు కూడా ఒప్పుకుంటాను. మొదట్లో నేను హైదరాబాదు కంపెనీల నమూనా పట్టుకొచ్చాను. ఇంగ్లీషులో పద్నాలుగు పేజీల నియామక పత్రం. ఒక బట్టల దుకాణంలో ఇచ్చి, నెల తర్వాత పోతే అది ఊగుతున్న టేబులు కాలు కింద ఉంది. అప్పుడు బుద్ధొచ్చింది. ఇప్పుడు తెలుగులో అర పేజీ. పేరు, పని, చేరిన తేదీ, జీతం, జీతం కాక వచ్చేది, వారపు సెలవు, మానేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. అంతే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లలో నియామక పత్రం ఇవ్వడం యజమాని బాధ్యత అని రాశారు. భయంతో ఇచ్చినా సరే, ఇవ్వండి.

"మా చిన్న దుకాణానికి నీ ఫీజు ఎక్కడ ఇచ్చేది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఎల్లారెడ్డిలో ఒకే వీధిలోని కొన్ని దుకాణాలవాళ్లు కలిసి నన్ను పెట్టుకున్నారు. నెలలో ఒక రోజు, ఒక దుకాణంలో కూర్చుంటాను, మిగతావాళ్లు పుస్తకాలు తెచ్చుకుంటారు. ఒక్కొక్కరికి అయ్యేది నెల చాయ ఖర్చు కంటే తక్కువ. కామారెడ్డిలో అలా కుదరలేదు. తన జీతాల లెక్క పక్క దుకాణంవాడికి తెలుస్తుందని ఒక్కొక్కరికీ అనుమానం. ఆ అనుమానం పోగొట్టడం నాకింకా చేతకాలేదు. ఈ హాలులో ఉన్న కామారెడ్డి వ్యాపారులు ఏదైనా దారి చెబితే వింటాను.

సార్లకు ఒక మనవి. రిటైరైన మీలో కొందరు రోజుకొక గంట ఈ పుస్తకాలు రాయడం నేర్పితే చాలు. ముప్పై ఏళ్లు మా హాజరు తప్పులేకుండా వేశారు. నేను రాని రోజు కూడా మీ రిజిస్టరులో ఉంది, మా నాన్నకు అది ఎలా తెలిసిందో నాకు గుర్తుంది.

చివరగా, ఈ ఉత్సవాల కోసం ఆరు నెలలుగా మన సంఘం గదిలో కూర్చుని ఫోన్లు చేసి మనందరినీ ఇక్కడికి రప్పించిన అబ్బాయి అదిగో, తలుపు దగ్గర నిలబడ్డాడు. పొద్దున అడిగాను, "నీకు కాగితం ఏమైనా ఇచ్చారా?" అని. నవ్వాడు. అర పేజీ రాసుకొచ్చాను. జీతం అంకె దగ్గర ఖాళీ వదిలాను, అది సంఘంవాళ్లు నింపాలి. అధ్యక్షులవారు భోజనాలకు లేచేలోపు సంతకం పెడితే బాగుంటుంది. పెన్ను నా దగ్గర ఉంది.