పిల్లలతో తొలి ఓడ ప్రయాణము



నేను పుట్టి పెరిగినది ఈ విశాఖపట్టణముననే. మా యింటి మేడపైనుండి చూచినచో డాల్ఫిన్స్ నోస్ కొండ ప్రక్కగా రేవులోనికి వచ్చు ఓడలు కానవచ్చెడివి. అవి యేదేశమునుండి వచ్చుచున్నవో ఊహించుట చిన్ననాట మాకొక ఆట. అయినను నలువది యేండ్లు నిండువరకు నేను ఓడ యెక్కి యెరుగను. సముద్రతీరమున పెరిగినవారికి సముద్రము తెలియుననుకొనుట పొరపాటు. ఒడ్డు తెలియుట వేరు, సముద్రము తెలియుట వేరు.

మేమిప్పుడు అమెరికాలోని సియాటిల్ నగరమునకు సమీపమున కాపురముంటున్నాము. ఒక ఆగస్టు మాసమున నేనును, మావారును, పదునొకండేండ్ల మా అమ్మాయియు, ఆరేండ్ల మా అబ్బాయియు, రాజమహేంద్రవరమునుండి మమ్ము చూడవచ్చిన మా అత్తగారును కలిసి, సియాటిల్ రేవునుండి అలాస్కాకు ఏడు రాత్రుల విహారయాత్ర చేసితిమి. ఆ యోడ వైభవమును వర్ణించుట నా ఉద్దేశము కాదు. 2022లో ఈ విశాఖ రేవునుండియే చెన్నపట్టణమునకు విహారనౌక నడచినది. 2023 సెప్టెంబరులో విహారనౌకలకై ఇచ్చట ప్రత్యేకముగ ఒక టెర్మినలు ప్రారంభింపబడినది. కావున వినుచున్న మీలో కొందరైనను పిల్లలతో ఓడ యెక్కుదురు. మేము తెలియక పడిన ఇబ్బందులు మీరు పడకుండుటకే ఈ నాలుగు మాటలు.

మొదటి పాఠము కాగితములది. అమెరికానుండి బయలుదేరి, అమెరికాకే చెందిన అలాస్కాను చూచి, తిరిగి అమెరికాకు వచ్చుటకు వేరొక దేశపు అనుమతి యేల యని మేమనుకొంటిమి. కాని 1886లో చేయబడిన అమెరికా చట్టమొకటి కలదు. విదేశములలో నమోదయిన ఓడ కేవలము అమెరికా రేవులనడుమనే ప్రయాణికులను త్రిప్పరాదు. దారిలో పరదేశపు రేవు నొకదానిని తాకవలెను. పెద్ద విహారనౌకలలో అధికభాగము బహామాస్, పనామా మున్నగు దేశములలో నమోదయినవే. అందుచేత సియాటిల్ ఓడలు తిరుగుదారిలో కెనడాలోని విక్టోరియా రేవునందు కొన్ని గంటలు నిలుచును. భారతదేశపు పాస్‌పోర్టు గల మా అత్తగారికి కెనడా వీసా తీసికొనవలెనని, టిక్కెట్టుకు సొమ్ము చెల్లించిన పిమ్మట గాని మాకు తెలియలేదు. అది ప్రయాణమునకు పదిదినములు ముందుగా చేతికందినది. ఆ రెండునెలలు మేము పడిన ఆందోళన అంతింత కాదు. మీరు టిక్కెట్టు కొనుటకు ముందే ఓడ తాకు ప్రతి రేవు పేరును వ్రాసికొని, ఇంటిలోని ఒక్కొక్కరికి ఆ రేవున ఏ కాగితము కావలయునో విచారింపుడు.

రెండవది గదిని ఎన్నుకొనుట. దృశ్యము బాగుండునని మేము ఓడ ముందుభాగమున, పై అంతస్తులో గది తీసికొంటిమి. ఓడ తన పొడవున ఉయ్యాలబల్లవలె ఊగును. బల్ల కొసన కూర్చున్నవాడు పైకి లేచి క్రిందపడును. నడుమ కూర్చున్నవానికి అంత కదలిక యుండదు. ప్రక్కలకు ఊగునపుడు ఎంత ఎత్తున నుండిన అంత కదలిక. వాంకూవర్ దీవికి పడమట బయలు సముద్రములో పోవునపుడు, మరునాటి ఉదయము మా అమ్మాయి తల యెత్తలేకపోయినది. గదిలోని గోడలు కదలుట లేదని కన్ను చెప్పును. శరీరము కదలుచున్నదని లోచెవి చెప్పును. ఆ రెండు సాక్ష్యములు పొసగక కడుపు త్రిప్పును. ఓడ నడిమిభాగమున బహిరంగమైన చోట కూర్చుండబెట్టి, దూరమున ఆకాశము నీరు కలియు గీతను చూడుమని చెప్పితిమి. అల్లము, ఉప్పు బిస్కత్తులు, గ్రుక్కెడు గ్రుక్కెడు మంచినీరు ఇచ్చితిమి. మధ్యాహ్నమునకు తేరుకొనెను. వాంతి మందులలో కొన్ని మగత కలిగించును, కొన్ని పిల్లలకు పనికిరావు. కావున బయలుదేరుటకు ముందే మీ వైద్యునడిగి తీసికొనిపోవుట మేలు.

ఇక మూడవ పాఠము. ఇది చెప్పుటకే నేనీ ప్రసంగమున కొప్పుకొంటిని.

1912 ఏప్రిలులో టైటానిక్ మునిగినపుడు పదునైదువందలమందికి పైగా మరణించిరి. ఎక్కినవారందరికి చాలినన్ని పడవలు ఆ యోడపై లేవు. దాని ఫలితముగ 1914లో లండను నగరమున దేశములు కూడి సముద్రయాన రక్షణకై ఒడంబడిక చేసికొనినవి. అప్పటినుండి ఆ నిబంధనలు పెరుగుచునే వచ్చినవి. 2012 జనవరి 13వ తేదీ రాత్రి ఇటలీ తీరమున కోస్టా కాంకార్డియా యను విహారనౌక రాతికి తగిలి ఒరిగిపోగా 32 మంది చనిపోయిరి. ఆ సాయంకాలమే యెక్కిన వందలకొలది ప్రయాణికులకు అపాయసమయమున ఎక్కడ చేరవలెనో చూపు అభ్యాసము అప్పటికింకను జరుగలేదు. ఇరువదినాలుగు గంటలలోపల జరిపిన చాలునని అప్పటి నియమము. 2015 నుండి ఓడ కదలుటకు ముందుగాని, కదలిన వెంటనేగాని జరిపి తీరవలెనని నియమము మారినది. ఏడు పొట్టి కూతలు, ఒక దీర్ఘమైన కూత వినబడినచో ప్రతి ప్రయాణికుడును తనకు కేటాయించిన చోటికి పోవలెను. ఆ చోటికొక అక్షరముండును. పిల్లల మణికట్టునకు ఆ అక్షరముగల పట్టీ కట్టుదురు.

మా యోడలో ఈ సంగతులన్నియు గదిలోని టెలివిజనులో చూపిరి. పిమ్మట ఆ చోటికి పోయి కార్డు చూపి రావలెను. నేను టెలివిజను మ్రోగుచుండగా బట్టలు సర్దుకొంటిని, కార్డు చూపి వచ్చితిని, దారి గమనింపలేదు. మా అత్తగారు మాత్రము పిల్లలిద్దరిని వెంటబెట్టుకొని, గదినుండి ఆ చోటికి రెండు పర్యాయములు నడిచిరి. మెట్లు లెక్కపెట్టించిరి. గోడపైనున్న పెద్ద అక్షరమును పిల్లవానిచేత చేతితో తాకించిరి. గోదావరి పుష్కరములలో ఇంటిల్లిపాది స్నానమునకు పోవునపుడు, "తప్పిపోతే ఫలానా చెట్టు కింద కూచోవాలి" అని పెద్దలు ముందుగా చెప్పుట ఆమె కలవాటు. నేనది చాదస్తమనుకొని లోలోపల నవ్వుకొంటిని.

రెండవనాటి రాత్రి భోజనము ముగించి వచ్చుచుండగా లిఫ్టువద్ద గుంపు కూడినది. పిల్లవాడు ముందుగా లోనికి దూరినాడు, తలుపులు మూసికొనినవి. మా అత్తగారు అమ్మాయితో వెనుక వచ్చుచుండిరి. మావారు మెట్లు దిగుచు, నేను ఎక్కుచు, ప్రతి అంతస్తున వెదకితిమి. ఓడలో నడవలన్నియు ఒక్కటే పోలిక. కుడిప్రక్కదానికి ఎడమప్రక్కది అద్దములోని నీడ. పెద్దలకే దారి తప్పును. రెండువేలమంది ప్రయాణికులు. సెల్‌ఫోనుకు సముద్రముమీద పలుకు లేదు. ఉదయమున ఓడ చుట్టును ఎటు చూచినను నీరే యని నేను మురిసితిని. ఆ రాత్రి ఆ నీటి వైపునకు చూచుటకు నాకు ధైర్యము చాలలేదు. అంచుకు కట్టిన కటకటాల ఎత్తెంత, వాని యెత్తెంత యని నా మనస్సు కొలుచుచునే యుండెను.

ఇరువదియైదు నిమిషములైన పిమ్మట ఓడ ఉద్యోగి నొకనిని పట్టుకొని యేడ్చుచు చెప్పగా, అతడు మొదట అడిగినది ఇది: "మీ చోటు ఏ అక్షరము? అక్కడ చూచితిరా?" నాకా అక్షరమే జ్ఞప్తికి రాలేదు. నా కార్డు చూచి అతడే తీసికొనిపోయెను. అచ్చట గోడపైని అక్షరము క్రింద, నేలపైని తివాసీమీద, మా పిల్లవాడు కూర్చుండియున్నాడు. వాని ప్రక్కన మా అత్తగారును అమ్మాయియును కూర్చుండియున్నారు. వాడు తప్పిపోయెనని తెలిసిన నిమిషముననే ఆమె నేరుగా అచ్చటికే నడిచిరట. "తప్పిపోతే ఇక్కడికే రమ్మని మామ్మ చెప్పిందిగా, మీరెందుకు రాలేదు?" అని వాడు నన్నడిగినాడు.

నేనేమి చెప్పుదును? ఆ రాత్రి తప్పిపోయినది పిల్లవాడు కాదు, నేను. వాడు తానుండవలసిన చోటనే యున్నాడు. అమ్మలారా! పిల్లలకు జాగ్రత్త నేర్పినచో చాలదు. వారు నేర్చినది మనకును తెలిసియుండవలెను. గది సంఖ్య, అంతస్తు సంఖ్య, ఆ అక్షరము — ఈ మూడును ఇంటిలోని ప్రతివారికి కంఠస్థము కావలెను. పసివానికి సరిపోవు లైఫ్ జాకెట్టు గదిలో లేనిచో మొదటి గంటలోనే అడిగి తెప్పించుకొనవలెను.

నాలుగవది భోజనము, శుభ్రత. ఓడలో భోజనమునకు కొదువ లేదు. కొదువ లేకపోవుటయే చిక్కు. పిల్లలు పళ్లెము నింపి సగము విడుచుదురు. ఒక మారు కొంచెమే పెట్టుకొని, కావలసినచో మరల పోవలెనను నియమము మొదటి పూటనే చేయుడు. శాకాహారులు ముందుగా తెలియజేసినచో వండిపెట్టుదురు. మా అత్తగారికి పెరుగన్నము సైతము దొరకెను. ఇంతమంది యొకచోట నుండుటచేత వాంతులు, విరేచనములు కలిగించు నోరోవైరస్ ఓడలలో త్వరగా వ్యాపించును. చేతికి రాచుకొను సారాయి ద్రవములు దానిపై అంతగా పనిచేయవు. సబ్బుతో నీటిక్రింద చేతులు కడుగుటయే సరియైన ఉపాయము.

అయిదవది కాలము. అలాస్కా గడియారము సియాటిల్ గడియారమునకు ఒక గంట వెనుక. రేవులో దిగినపుడు ఫోను చూపు కాలమును గాక ఓడ కాలమును నమ్మవలెను. అలాస్కా రాజధాని జూనోకు బయటినుండి రోడ్డుదారి లేదు. ఓడలోగాని విమానములోగాని చేరవలసినదే. అచ్చట ఓడ తప్పినవారి గతి యూహింపుడు. మేడపై నిలిచి చూచుచుండగా, ఇద్దరు మూటలతో పరుగెత్తుకొని వచ్చుట కంటిమి. అప్పటికి వంతెన తీసివేసిరి. ఓడ వారికొరకు నిలువలేదు. పిల్లలతో పోవువారు గంట ముందుగా తిరిగి వచ్చుట ఉత్తమము.

ఇక చూచిన వింతలలో ఒకటి చెప్పెదను. గ్లేసియర్ బే యను అఖాతములో ప్రవేశించునపుడు, ఆ జాతీయవనపు ఉద్యోగులు చిన్న పడవలో వచ్చి, నడచుచున్న మా ఓడ ప్రక్కనున్న నిచ్చెనపై ఎక్కిరి. 1794లో వాంకూవర్ దొర నావికులు అటు వచ్చినపుడు అఖాతమంతయు మంచుతో నిండి, తీరమున చిన్న వంపు మాత్రమే కానవచ్చెనట. 1879లో జాన్ మ్యూర్ వచ్చునాటికి ఆ మంచు నలువది మైళ్లకు పైగా వెనుకకు పోయినది. 1916 నాటికి అఖాతపు ముఖమునుండి 65 మైళ్లు పోయినదని చెప్పిరి. మేము మార్జరీ హిమానీనదము నెదుట నిలిచితిమి. నీటిపైనుండి సుమారు 250 అడుగుల ఎత్తున, మైలు వెడల్పున నీలిఛాయగల మంచుగోడ. దానినుండి ఒక తునక విరిగి పడుట కనబడినది; శబ్దము తరువాత వచ్చినది. అమ్మాయి రెండు లెక్కించెను. ధ్వని సెకనుకు సుమారు 1,100 అడుగులు పోవునని వాళ్ల నాన్నగారు చెప్పగా, గోడ అర మైలునకు కొంచెము తక్కువ దూరములో నున్నదని తానే లెక్క కట్టెను. ఆనాడు మేము పిల్లల కొరకు ఏర్పరచిన ఆటల కార్యక్రమములన్నియు మానుకొంటిమి. అదియే ఆరవ పాఠము. సొమ్ము చెల్లించితిమి గదా యని ప్రతి గంటను నింపవలదు. పిల్లలకు ఊరక నిలిచి చూచుటకు వ్యవధి నీయుడు.

చివరి రేవులలో నొకటి కెచికాన్. ఆ యూరి నడుమ పారు సెలయేటిలో, ఆగస్టులో సాల్మను చేపలు సముద్రమునుండి ఎదురెక్కును. తాము పుట్టిన మంచినీటిని వెదకికొని వచ్చి, అచ్చట గ్రుడ్లు పెట్టి మరణించును. రాళ్లకు కొట్టుకొనుచు, వెనుకకు జారుచు, మరల ఎగురుచున్న ఆ చేపలను మా అత్తగారు వంతెనపై నిలిచి చాలసేపు చూచిరి. "పుట్టిన నీళ్ళు మరిచిపోవు గదా!" అనిరి. నా వైపు చూచి యనలేదు. మావారి వైపు చూచియు అనలేదు. మేమిద్దరమును మారు పలుకలేదు.

ఆమె మరల గోదావరి యొడ్డుకు చేరిరి. ఆ మాటయే మమ్మీ వేసవిలో పిల్లలతో ఇచ్చటికి తీసికొని వచ్చినది. నిన్న రాజమహేంద్రవరములో మా పిల్లవాడు కోటిలింగాల రేవు మెట్లపై నిలిచి, "మామ్మా, ఇక్కడ తప్పిపోతే ఏ చెట్టు కింద కూచోవాలి?" అని యడిగినాడు. ఆమె చూపించినది. ఈ మారు నేనును చూచి జ్ఞాపకముంచుకొంటిని.