కథల పట్టికలో మన పేర్లు

(సదాశివనగర్‌లో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కూలిరేట్ల గురించి, గృహహింస కేసుల గురించి మాట్లాడుకునే చోట కథల పట్టిక గురించి మాట్లాడతానంటే ఒకరిద్దరు నవ్వారు. నవ్వడంలో తప్పు లేదు. కానీ పేరు ఒక కాగితంలో ఒకలా, ఇంకో కాగితంలో ఇంకోలా ఉంటే ఏమవుతుందో మీకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. బీడీలు చేసే వాడకట్టు ఏదైనా తీసుకోండి. పీఎఫ్ పుస్తకంలో లచ్చవ్వ, ఆధార్‌లో లక్ష్మి అయిన ఆడమనిషి ఒక్కరైనా ఉంటుంది. పుట్టింటి పేరుతో కార్ఖానా రిజిస్టరులో చేరి, పెళ్లయ్యాక అత్తింటి పేరుతో రేషన్ కార్డు ఎక్కినామె ఉంటుంది. ఇరవై ఏళ్లు చేసిన పని తనదేనని రుజువు చేసుకోవడానికి ఆమె ఆఫీసుల చుట్టూ తిరగాలి. రాసే ఆడవాళ్లకు జరిగేది కూడా ఇదే. అక్కడ పోయేది డబ్బు, ఇక్కడ పోయేది రాత.

నేను చెప్పబోయే పని చిన్నది. ఒక రచయిత్రి రాసిన కథలన్నీ ఏ పత్రికలో, ఏ తేదీన, ఏ పేరుతో అచ్చయ్యాయో వరసగా రాసి, ఇంటర్నెట్‌లో ఎవరైనా వెతుక్కోగలిగే పట్టికలో చేర్చడం.

తెలుగులో ఈ పని అనగానే శ్రీకాకుళంలోని కథానిలయం గుర్తుకు వస్తుంది. కాళీపట్నం రామారావు గారు తనకు అవార్డులుగా వచ్చిన డబ్బు పెట్టి 1997 ఫిబ్రవరి 22న దాన్ని ప్రారంభించారు. ఆయన 2021లో పోయారు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒకచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. కథల సంపుటాలు, పాత పత్రికలు ఎవరి దగ్గరున్నవి వాళ్లు పంపారు. తర్వాత వాటిని స్కాన్ చేసి వెబ్‌సైటులో పెట్టారు. రచయిత పేరు కొట్టినా, కథ పేరు కొట్టినా వివరాలు వస్తాయి. 2003లో మొదలైన తెలుగు వికీపీడియాలో కూడా రచయితల పేజీలను ఔత్సాహికులే రాస్తున్నారు. ఇలాంటివన్నీ చాలా చేతుల మీద నడిచే పనులు. అంటే ఎవరి చేతులు ఎక్కువ పడితే వాళ్ల మనుషులే ఎక్కువ కనిపిస్తారు. మన చేతులు ఎన్ని పడ్డాయన్నది నా ప్రశ్న.

తెలంగాణ వాళ్లకు పట్టిక విలువ కొత్తగా చెప్పనక్కర లేదు. నిజాం రాజ్యంలో తెలుగు కవులు పూజ్యం అని ఒకాయన రాస్తే, సురవరం ప్రతాపరెడ్డి గారు తిట్టుతో జవాబివ్వలేదు. 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. అందులో 354 మంది కవులు. ఒక జాబితా, అంతే. ఆ మాట మళ్లీ అనడానికి ఎవరికీ నోరు రాలేదు. అయితే ఆ జాబితాలో స్త్రీలు కొద్దిమందే. జాబితాలో చేరని మనుషుల కోసం ఇంకో జాబితా వేయాల్సి రావడం అక్కడితో ఆగలేదు. ఊటుకూరి లక్ష్మీకాంతమ్మ గారు 1953లో ‘ఆంధ్ర కవయిత్రులు’ తెచ్చారు. కె. రామలక్ష్మి గారు 1968లో ‘ఆంధ్ర రచయిత్రుల సమాచార సూచిక’ తయారుచేశారు. వాటిలోనూ కనిపించని దళిత స్త్రీల రచనల్ని గోగు శ్యామల ‘నల్లపొద్దు’లో ఒకచోటికి చేర్చి 2003లో తెచ్చారు. ఈ పనులు చేసినవాళ్లను మనం రచయిత్రులుగా తలచుకుంటాం గానీ, ఆ పట్టికల వెనక ఉన్న చాకిరీని తలచుకోం. ఇల్లు ఊడ్చిన పని లాంటిదే అది, చేస్తే కనబడదు.

భండారు అచ్చమాంబ సంగతి చూడండి. 1874లో పుట్టి 1905లో, ముప్పై ఏళ్లకే పోయిన మనిషి. పదేళ్లకు పెళ్లి. బడికి పోలేదు. ఇంట్లోనే చదువు నేర్చుకుంది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ పేరుతో స్త్రీల చరిత్ర రాసింది. 1902లో ‘హిందూసుందరి’ పత్రికలో ఆమె కథ ‘ధనత్రయోదశి’ వచ్చింది. గురజాడ ‘దిద్దుబాటు’ 1910 ఫిబ్రవరిలో ‘ఆంధ్రభారతి’లో వచ్చింది. మనందరం బడిలో చదువుకున్నది మాత్రం దిద్దుబాటే మొదటి కథ అని. అచ్చమాంబ పేరు వస్తే కొమర్రాజు లక్ష్మణరావు గారి అక్కగా వచ్చేది. ఆమె కథలను సంగిశెట్టి శ్రీనివాస్ గారు వెతికి 2010లో పుస్తకంగా తెచ్చారు. అంటే ఆమె పోయిన నూట అయిదేళ్లకు.

అవి కథలా, నీతి చెప్పడానికి రాసిన సంభాషణలా అని వాదించేవాళ్లున్నారు. వాదించనివ్వండి. ఆ వాదన మొదలవ్వాలన్నా ముందు పత్రిక పేరు, నెల, సంవత్సరం ఒక కాగితం మీద ఉండాలి కదా. ‘హిందూసుందరి’, ‘తెలుగు జనానా’ వంటివి ఆడవాళ్ల పత్రికలని పేరుబడ్డాయి. వాటిని సాహిత్య పత్రికలుగా లెక్కవేసి దాచుకున్న చోట్లు తక్కువ. పత్రిక పోతే కథ పోతుంది, కథ పోతే మనిషి పోతుంది.

ఇప్పుడు పేర్ల దగ్గరికి వద్దాం. ఈ పనిలో అసలు చిక్కు ఇక్కడే. మగ రచయితకు సాధారణంగా ఒక ఇంటిపేరే ఉంటుంది, పుట్టినప్పటి నుంచి పోయేదాకా. ఆడమనిషికి పెళ్లితో మారుతుంది. రంగనాయకమ్మ గారి తొలి పుస్తకాల మీద ముప్పాళ రంగనాయకమ్మ అని ఉంటుంది, తర్వాత ఆ ఇంటిపేరు తీసేశారు. తెలియని యంత్రానికి వాళ్లు ఇద్దరు మనుషులు. ఓల్గా అసలు పేరు పోపూరి లలితకుమారి. ఇక ఎదురు తిరిగిన లెక్కలూ ఉన్నాయి. తెనాలిలో హోటళ్లలో పనిచేస్తూ కథలు రాసిన శారద ఆడమనిషి కాదు, నటరాజన్ అనే తమిళ యువకుడు. ‘ఇల్లాలి ముచ్చట్లు’ రాసిన పురాణం సీత నిజానికి పురాణం సుబ్రహ్మణ్యశర్మ గారు. వసుంధర అంటే భార్యాభర్తలిద్దరు, జొన్నలగడ్డ రామలక్ష్మి, రాజగోపాలరావు. బీనాదేవి కూడా దంపతుల పేరే. వారపత్రికల్లో రచయిత్రుల నవలలకు గిరాకీ ఉన్న రోజుల్లో మగవాళ్లు ఆడ పేర్లు పెట్టుకున్నారు. పేర్లు చూసి ‘ఇంతమంది స్త్రీలు రాశారు’ అని లెక్క తీస్తే తప్పుల తడక అవుతుంది. దంపతుల పేరుతో వచ్చిన కథలో ఆమె వాటా ఎంతో ఏ గడిలో నింపాలి?

ఇతర దేశాల్లో ఈ చిక్కుకు ఒక దారి వెతికారు. ఇంగ్లీషులో సైన్స్ కల్పన కథలకు 1995 నుంచి ఔత్సాహికులు నడుపుతున్న ఇంటర్నెట్ పట్టిక ఒకటుంది. అక్కడ పాటించే పద్ధతి నాకు నచ్చింది. అచ్చులో ఏ పేరు ఉందో అది చెక్కుచెదరకుండా రాస్తారు. ఆ తర్వాత, ఆ పేరు వెనక ఉన్న మనిషి తెలిస్తే రెండిటినీ ముడివేస్తారు. కథ పేరు మారి మళ్లీ అచ్చయినా అంతే, రెండు పేర్లూ ఉంటాయి, ఒకే కథ అని కలుపుతారు. అమెరికాలో జేమ్స్ టిప్‌ట్రీ జూనియర్ అనే పేరుతో రాసినామె ఆలిస్ షెల్డన్. రాత చూసి ఇది మగవాడి రాతేనని తోటి రచయిత ఒకరు గట్టిగా వాదించారు కూడా. 1977లో సంగతి బయటపడింది. పాత పేరు చెరిపేస్తే ఆమె ఎందుకు దాక్కుందన్న చరిత్ర చెరిగిపోతుంది. కలపకపోతే ఆమె పోతుంది. అందుకే రెండూ కావాలి.

కానీ ముడివేసే హక్కు ఎవరిది?

ఈ చుట్టుపక్కల ఒక ఊళ్లో ఒక రచయిత్రి ఉన్నారు. పేరు, ఊరు చెప్పను. ఆమె ఒప్పుకున్నంత మేరకే మాట్లాడుతున్నాను. పెళ్లికి ముందు పుట్టింటి పేరుతో రెండు కథలు రాశారు. పెళ్లయ్యాక ఒక పత్రికకు కథ పంపితే, జవాబు కవరు మీద కేరాఫ్ అని రాసిన భర్త పేరు చూసి, వాళ్లే ‘శ్రీమతి’ చేర్చి అత్తింటి పేరుతో వేశారు. మనియార్డరు వస్తే భర్తే సంతకం పెట్టి తీసుకున్నారు. ఆ పేరుతో ఏడు కథలు వచ్చాయి. అందులో ఒకటి బీడీలు చేసే ఇంటి అరుగు మీది కథ. ఒకామె సీరియల్ చదువుతుంటే మిగతావాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని వింటూ బీడీలు చుడుతుంటారు, ఠేకేదారు వచ్చేసరికి చదువు ఆగిపోతుంది. తర్వాత, కొట్టే మొగుడి గురించి ఒక కథ రాస్తే ఇంట్లో గొడవైంది. అప్పటినుంచి ఎవరికీ తెలియని కలంపేరుతో రాశారు. అవి ఐదు.

కథలన్నీ ఇనప పెట్టెలో కత్తిరింపులుగా ఉన్నాయి. చాలావాటి మీద తేదీ లేదు. ఇక్కడ ఒక చిట్కా చెబుతాను, మీకు పనికొస్తుంది. కత్తిరింపు వెనక్కి తిప్పి చూడండి. ఒకదాని వెనక సీరియల్ 17వ వారం ముక్క ఉంది. ఆ సీరియల్ మొదలైన సంచిక తేదీ దొరికింది. అక్కడి నుంచి పదహారు వారాలు లెక్కపెట్టి, ఆ తేదీ సంచిక కోసం వెతికితే అందులో కథ ఉంది. లెక్కతో వచ్చిన తేదీని సంచిక చూడకుండా పట్టికలో రాయొద్దు. మధ్యలో ఒక వారం సీరియల్ ఆగి ఉండొచ్చు.

మొదటి రెండు పేర్లు కలపడానికి ఆమె ఒప్పుకున్నారు. మూడోది ఒప్పుకోలేదు. ‘ఆ ఐదు కథల్లో ఉన్నవాళ్లు ఇంకా ఈ ఇంట్లోనే ఉన్నారమ్మా’ అన్నారు. మా బృందంలో దీనిమీద పెద్ద చర్చే జరిగింది. మంచి కథలు ఆ ఐదే. అవి లేకుండా ఆమె పట్టిక అంటే చరిత్రకు అన్యాయం అన్నారు కొందరు. నిజం బయటపెట్టడమే స్త్రీవాదం కదా అన్నారు. నాకలా అనిపించలేదు. భర్త ఇంటిపేరు ఆమెను అడగకుండా తగిలించిన పత్రికకూ, కలంపేరును ఆమెను అడగకుండా విప్పే మనకూ తేడా ఉండాలి. ఆ ఐదు కథలూ అచ్చులో ఉన్న కలంపేరుతోనే, వేరే రచయిత్రివిగా నమోదయ్యాయి. పట్టిక ప్రకారం ఆమె ఈ రోజు ఇద్దరు మనుషులు. తన తర్వాత కలపమని ఆమె సొంత చేత్తో రాసిన కాగితం అదే పెట్టెలో ఉంది.

చట్టం సంగతి క్లుప్తంగా చెబుతాను. 1957 కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, ఈ రచన నాది అని చెప్పుకునే హక్కు రచయితకు ఉంటుంది. మామూలుగా కాపీరైటు రచయిత పోయిన తర్వాత అరవై ఏళ్ల దాకా ఉంటుంది. కలంపేరుతో వచ్చి, రాసిందెవరో బయటపడని రచనకైతే అచ్చయినప్పటి నుంచి అరవై ఏళ్లు. కాబట్టి కథ పేరు, తేదీ పట్టికలో రాయడానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. కథ మొత్తం స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టాలంటే మాత్రం ఆమెనో, ఆమె వారసులనో అడగాలి, రాతపూర్వకంగా తీసుకోవాలి. సంస్థల్లో పనిచేసే మిత్రులు ఈ తేడా మరచిపోతుంటారు.

2016లో కామారెడ్డి జిల్లా అయింది. అంతకు ముందు నిజామాబాద్ జిల్లా అని రాసిన వివరాలే పాత పత్రికల్లో, సంపుటాల్లో ఉంటాయి. రచయిత్రి ఊరు వెతికేటప్పుడు రెండు జిల్లాల పేర్లతోనూ చూడండి. పేరు స్పెల్లింగు కూడా అచ్చులో ఉన్నట్టే రాసుకోండి, దిద్దొద్దు.

ఒక్క విన్నపం. ఆమె కథల్లో ఒకటి ఇంకా దొరకలేదు. ఒక ఉగాది ప్రత్యేక సంచికలో వచ్చిందని మాత్రం ఆమెకు గుర్తు. మన ఇళ్లల్లో సీరియల్ కాగితాలు చింపి, దారంతో కుట్టి దాచుకునే అలవాటు ఉండేది. అమ్మలవో అత్తలవో అలాంటి కట్టలు అటక మీద ఉంటే పాత పేపర్లవాడికి వేయకముందు ఒకసారి దించి చూడండి. సీరియల్‌ను కాదు, పేజీల వెనక వైపు. కథ పేరు, నా ఫోను నంబరు బల్ల మీది చీటీల్లో ఉన్నాయి, వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.