చెయ్యెత్తితే ఒక లెక్క, చీటీ రాస్తే ఒక లెక్క
(విముక్త జాతుల దినం సభలో చేసిన ప్రసంగం)

 

సర్వేల గురించి మాట్లాడతామంటే ఇదేం పాఠం అనుకోకండి. మన స్టూవర్టుపురం పుట్టిందే మన మీద ఇతరులకున్న అభిప్రాయం వల్ల. ఎరుకలవాళ్లు పుట్టుకతోనే దొంగలన్న అభిప్రాయం నేర జాతుల చట్టంగా మారింది. ఆ చట్టం కిందే 1913 ప్రాంతంలో సాల్వేషన్ ఆర్మీ చేతుల్లో ఈ సెటిల్‌మెంట్ మొదలైంది. మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టూవర్ట్ దొర పేరు పెట్టారు. మన తాతముత్తాతలు రోజూ హాజరు పలికారు, ఊరు దాటడానికి అనుమతి అడిగారు. వాళ్లను లెక్కపెట్టినవాళ్లున్నారు గానీ, వాళ్ల అభిప్రాయం అడిగినవాళ్లు లేరు.

దేశమంతటా ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. మరి అభిప్రాయం రద్దయిందా? సర్వేలు పనికొచ్చేది అక్కడే.

2019లో కామన్ కాజ్, లోక్‌నీతి సంస్థలు 21 రాష్ట్రాల్లో దాదాపు 12 వేల మంది పోలీసులను ప్రశ్నించాయి. చిన్న నేరాలకు కోర్టు విచారణ కంటే పోలీసులే చిన్న శిక్ష వేయడం మేలని 37 శాతం మంది అన్నారు. ఊరి పేరు వింటేనే అనుమానపడే చోట ఆ 37 శాతం ఎవరి వీపు మీద పడుతుందో మనకు వేరే చెప్పాలా?

ఇంకో సర్వే చూడండి. 2011-12లో భారత మానవాభివృద్ధి సర్వేవాళ్లు 42 వేలకు పైగా ఇళ్లకు వెళ్లారు. ముందు "మీ ఇంట్లో అంటరానితనం పాటిస్తారా?" అని అడిగారు. లేదన్నవాళ్లను "ఎస్సీలు మీ వంటగదిలోకి వస్తే, మీ గిన్నెలు వాడితే ఇబ్బందా?" అని మళ్లీ అడిగారు. ఏదో ఒక రూపంలో పాటిస్తున్న ఇళ్లు 27 శాతం అని తేలింది. మొదటి ప్రశ్న దగ్గరే ఆగి ఉంటే కొన్ని ఇళ్లు లెక్కలోకే వచ్చేవి కావు.

మా హాస్టల్లోనూ ఇదే చూశాం. "కాలేజీలో మీ ఊరేదంటే ఏం చెబుతారు?" అని పిల్లలను అడిగాం. "స్టూవర్టుపురమే చెబుతాం మేడం" అని అందరూ చేతులెత్తారు. మర్నాడు పేరు రాయకుండా చీటీ మీద రాయమన్నాం. చాలా చీటీల్లో "బాపట్ల" అని ఉంది. ఒక చీటీలో "బాపట్ల పక్కన" అని రాసి, కొట్టేసి, మళ్లీ రాశారు. మేము కోప్పడలేదు. మా రోజుల్లో మేమూ అలాగే చెప్పాం.

అందుకని ఏ సర్వే చదివినా మూడు సంగతులు చూడండి. ఎవరిని అడిగారు? ఏ మాటలతో అడిగారు? ఎవరి ముందు అడిగారు? జనం మాట మనకు అనుకూలమైనా, వ్యతిరేకమైనా ఈ మూడూ చూడకుండా నమ్మకండి.

మన సంఘం యువతకు ఒక పని చెబుతున్నాం. ఈ ఏడాది మీరే ప్రశ్నలు రాయండి. బాపట్లలో, చీరాలలో అద్దె ఇల్లు అడిగినప్పుడు, ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఊరి పేరు చెప్పాక ఏం జరిగిందో ఇంటింటా అడగండి. పేర్లు రాయించుకోవద్దు. చెప్పింది చెప్పినట్టు రాయండి, మనకు నచ్చని జవాబైనా సరే. మన బాధ మాటగానే ఉంటే విని వదిలేస్తారు. లెక్కగా ముందు పెడితే జవాబు చెప్పాల్సి వస్తుంది.

2027 జనగణనకు ఎన్యూమరేటర్ వస్తారు. దాచకుండా ఎరుకల అని చెప్పండి. ఊరి పేరు కూడా పూర్తిగా పలకండి.