వృషణముల కాన్సరు: తొలి గురుతులు

(శాలిబండ యందలి యొక పఠనమందిరమున మేము చేసిన ప్రసంగము)



నలుగురిలో పలుకదగని విషయములని మనవారు కొన్నింటిని వేరుచేసి యుంచినారు. అందొకదానినే నేడు ప్రస్తావింపబూనితిమి. నోట రాని వ్యాధి వైద్యునికడకును రాదు గనుక ఈ సాహసము.

కాన్సరు వృద్ధులకు వచ్చు వ్యాధి యని లోకుల తలంపు. వృషణముల కాన్సరు అరుదైనదే యైనను, హెచ్చుగా 15 మొదలు 40 ఏండ్లలోపు యువకులకే వచ్చును. శైశవమున వృషణము కోశములోనికి దిగక కడుపులోనో గజ్జలోనో నిలిచిపోయినవారికిని, తండ్రికో సోదరునికో ఈ వ్యాధి వచ్చినవారికిని అపాయ మధికము.

గురుతు లెవ్వి? వృషణముపై గట్టిగా తగులు చిన్నగడ్డ, ఒకవైపు పెరుగుట లేదా గట్టిపడుట, కోశమున బరువు, అకస్మాత్తుగ నీరుచేరుట, పొత్తికడుపునగాని గజ్జలోగాని సన్నని నొప్పి. కొందరికి రొమ్ములు వాచి సలుపును. గడ్డ తరచు నొప్పిపెట్టదు. నొప్పిలేదుగదా యని యూరకుండుటయే పెద్ద ప్రమాదము.

మన సీమలో మరియొక చిక్కు కలదు. బోదవ్యాధి చిరకాలముగ నెరిగిన దేశమగుటచే, వాపు కనబడగనే వరిబీజమని తేల్చివేయుదుము. వరిబీజమే కావచ్చును, కాని ఆ నీటిమాటున గడ్డ దాగియుండనువచ్చును. ఈ భేదమును తెలుపునది అల్ట్రాసౌండు పరీక్ష. దానివలన బాధ లేదు. పిదప రక్తపరీక్షలు చేయుదురు. అంతకుముందే సూదిగ్రుచ్చి నీరు తీయించుటయు, పసరుకట్లు కట్టించుకొనుటయు తగవు.

వ్యాధి యని సందేహము బలపడినచో శస్త్రవైద్యుడు గజ్జదారిన ఆ వృషణమును తొలగించును. మగతనము పోవునని పలువురు భయపడుదురు. రెండవది ఆరోగ్యముగ నున్నచో దాంపత్యమునకును సంతానమునకును సాధారణముగ లోటు రాదు.

ఈ వ్యాధిని జయించిన చరిత్రలో తెలుగువాని పాలును గలదు. 1895లో భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ సంస్థలో సాగిన పరిశోధనల ఫలమగు మెథోట్రెక్సేటు, 1960లో మిన్ చియూ లీ యను వైద్యుడు ఈ వ్యాధిపై ప్రయోగించిన మందులలో నొకటి. 1974లో ఐన్‌హార్ను వైద్యుడు సిస్‌ప్లాటినును తక్కిన మందులతో కలిపి వాడినది మొదలు, దేహమున వ్యాపించిన వ్యాధిసైతము అనేకులకు కుదురుచున్నది. తొలిదశలో పట్టుబడినచో దాదాపు అందరును బ్రతుకుదురు.

మా వకీళ్లకు మియాదు అనుమాట సుపరిచితము. ఎంత న్యాయమైన దావాయైనను మియాదు దాటినచో కొట్టుబడును. ఈ గడ్డయు మనకు గడువిచ్చును; అది యెన్నాళ్లో మాత్రము వ్రాసియీయదు.

వేడినీటి స్నానానంతరము వ్రేళ్లతో నెమ్మదిగా తడవి, తన శరీరపు సహజస్థితిని యువకుడు తెలిసికొనవలయును. ఒకటి కొంచెము క్రిందుగ నుండుట సహజమే. క్రొత్తమార్పు కనబడినచో జాగుచేయరాదు. శాలిబండనుండి చార్మినారు మీదుగా మూసీ దాటినచో అఫ్జల్‌గంజున ఉస్మానియా ఆసుపత్రి గలదు. రెడ్‌హిల్సున 1955లో వెలసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రి గలదు. రెండును ప్రభుత్వమువే.

పెద్దలారా! మీ యింట పిల్లవాడు ఈ మాట యెత్తినచో నవ్వకుడు, కసరకుడు. ఆనాడే వెంటబెట్టుకొని వైద్యునికడకు నడువుడు.