ప్రకృతి సేద్యము – పరిశోధన – మన బాధ్యత

(శతవార్షికోత్సవ సందర్భమున రైతు సోదరుల కూటములో ఒక గురువు చేసిన ప్రసంగ పాఠము)



ప్రకృతి సేద్యం మంచిదా, మందుల సేద్యం మంచిదా అని తీర్పు చెప్పుటకు నేను నిలువలేదు. ఆ వాదన మన ఊళ్ల అరుగుల మీద చాలాకాలంగా జరుగుతూనే ఉన్నది, ఇంకా జరుగుతుంది. నేను చెప్పదలచినది ఒక్కటే. ఆ వాదనను తేల్చగల పరిశోధనకు డబ్బు పెట్టవలసినది ప్రభుత్వం. పెట్టమని అడగవలసినది మనం.

మన డెల్టా తనంతట తాను అన్నపూర్ణ కాలేదు. 1832-33 నాటి నందన కరువులో గుంటూరు సీమ జనం లెక్కకు మిక్కిలిగా చనిపోయారు. సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహంతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట వచ్చింది. 1952లో దానికి గండి పడితే, 1957లో ప్రకాశం బ్యారేజి నిలిచింది. నేడు సుమారు 13 లక్షల ఎకరాల ఆయకట్టు దాని మీద ఆధారపడి ఉన్నది. ఇందులో ఏదీ ఒక రైతు తన చేతి డబ్బుతో చేసుకొనగలిగినది కాదు. విత్తనం సంగతీ అంతే. పశ్చిమ గోదావరిలోని మార్టేరు పరిశోధనా కేంద్రం 1925లో మొదలైంది. మనం కళ్లు మూసుకొని చల్లే స్వర్ణ రకం అక్కడినుండి 1982లో బయటికి వచ్చింది. సాంబ మసూరి 1986లో బాపట్లనుండి వచ్చింది. జీతాలిచ్చి, పొలాలిచ్చి, ఫలితం వచ్చేదాకా ప్రజల సొమ్ము ఏళ్ల తరబడి ఓపిక పట్టింది గనుక అవి వచ్చినవి.

ఇక రెండవ వైపు చూడండి. మోషే ధర్మశాస్త్రంలో ఏడవ యేట భూమికి విశ్రాంతి ఉన్నది. మన దగ్గర సార్వా, దాళ్వా, లేదా సార్వా వెనుక మినుము. భూమికి ఆదివారమే లేదు. యూరియా కట్ట రూ. 266.50కి దొరుకుతుంటే ఒకటి వేయవలసిన చోట రెండు వేయడం వింత కాదు. నత్రజని ఎక్కువైన పైరు పచ్చగా, మెత్తగా ఎదుగుతుంది. అటువంటి పైరును వెదకి మరీ పట్టుకొంటుంది సుడిదోమ. దోమకు మందు, ఆ మందుకు లొంగకపోతే మరొక మందు. ఆ మందు ట్యాంకు ఎవరి వీపున ఉన్నది? మన సంఘాలలో సొంత పొలమున్నవారు కొందరే. కౌలుకు చేసేవారు, కూలికి వెళ్లేవారు ఎక్కువ. ట్యాంకు మోసేది వారే. ఎండలో ముక్కుకు తువాలు చుట్టుకొని మందు కొట్టి, సాయంత్రానికి వాంతులతో పడిపోయిన బిడ్డను చూడటానికి ఆసుపత్రికి వెళ్లని గురువు ఈ ప్రాంతంలో అరుదు. గనుక ఈ సంగతి వ్యవసాయ శాఖవారిదే గాని మనది కాదని నేను అనుకొనలేను.

మార్గం వెదికినవారు లేకపోలేదు. నాటి ఖమ్మం జిల్లాలోని పునుకుల గ్రామం 2003లో పురుగుమందులు మానేశామని ప్రకటించుకొన్నది. నాటి వరంగల్లు జిల్లాలోని ఏనబావి 2006 నాటికి ఎరువులు కూడా మానేసింది. స్త్రీల పొదుపు సంఘాల ద్వారా ఆ పని ఊరూరా పాకింది. ఆపైన మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ 2016 నుండి దీనిని పెద్ద ఎత్తున చేపట్టింది. 2018లో అప్పటి ప్రభుత్వం, 2024 నాటికి 60 లక్షల మంది రైతులను ఈ దారికి తెస్తామన్నది. 2024 వచ్చి వెళ్లింది. లక్ష్యం చాలా దూరంలోనే ఆగిపోయింది. అదే యేట ఈ కార్యక్రమానికి పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమతిలో భాగం వచ్చింది. అంతకు ముందు 2019లో జాతీయ వ్యవసాయ విజ్ఞాన అకాడమీవారు, ఈ పద్ధతికి శాస్త్రాధారం చాలదనీ, దీని ప్రచారానికి ప్రభుత్వం ధనం వెచ్చించరాదనీ ప్రధానమంత్రికి తెలియజేశారు.

ఒకరు బహుమతి ఇచ్చారు, ఒకరు వద్దన్నారు. సామాన్య రైతు ఎవరిని నమ్మవలెను? గురువు నోట ఈ మాట వింతగా ఉండవచ్చు గాని, సేద్యంలో నమ్మిక చాలదు, కొలత కావలెను. అకాడమీవారి మాటలో నేను ఒప్పుకొననిది ఇదే: ఆధారం చాలకపోతే ఆధారం వెదకడానికి డబ్బు అడగవలెను గాని, తలుపు మూయరాదు. స్విట్జర్లాండులో 1978 నుండి పక్కపక్క మడులలో రెండు పద్ధతులనూ సాగుచేసి కొలుస్తున్నారు. 21 ఏళ్ల తరువాత తేలినదేమనగా, సేంద్రియ మడులలో దిగుబడి సుమారు 20 శాతం తక్కువ. ఎరువుల ఖర్చు, మందుల ఖర్చు అంతకంటె ఎంతో తక్కువ. నేలలో జీవం ఎక్కువ. ఇది పొగడ్తా కాదు, నిందా కాదు. రైతు తన లెక్క తాను వేసుకొనడానికి పనికివచ్చే మాట. కాని అది చలిదేశంలో గోధుమ, బంగాళాదుంప పండే నేల. దివిసీమ కాలువ చివర చౌడు నేలకు ఆ లెక్క చెల్లదు.

మన నేలకు మన ప్రశ్నలున్నవి. ఎకరానికి జీవామృతం కలపాలంటే పది కిలోల పేడ, గోమూత్రం, బెల్లం, పప్పుపిండి, 200 లీటర్ల నీరు కావలెను. ట్రాక్టరు వచ్చిన తరువాత ఊరిలో పశువులెన్ని మిగిలినవి? కోతయంత్రం వచ్చిన తరువాత గడ్డి ఎంత తగలబడుతున్నది? రేగడి నేలలో నీరు నిలిచిన మడిలో ఆ జీవామృతం ఏమి చేస్తుంది? మొదటి మూడేళ్లు దిగుబడి ఎన్ని బస్తాలు తగ్గుతుంది, ఆ తరువాత కోలుకొంటుందా? వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, ఆ తడిలోనే మినుము చల్లుకొనడం మన డెల్టా పెద్దల తెలివి. పప్పుజాతి పైరు నేలకు నత్రజని ఇస్తుంది. తరువాతి సార్వాకు దానివలన ఎంత యూరియా తగ్గించవచ్చునో ఊరివారీగా చెప్పగలవారెవరు? జీలుగ, జనుము, పిల్లిపెసర మన తాతలు వేసి కలియదున్నినవే. వాటి విత్తనం వేళకు దొరకదు. లాం, ఘంటసాల, బందరు కేంద్రాలు మనకు దగ్గరలోనే ఉన్నవి. చౌడు నేలకు ఓర్చే వరి రకాలను బందరు కేంద్రమే ఇచ్చింది. సామర్థ్యం లేక కాదు.

కంపెనీలు చేయవా అని అడుగుతారు. వరి నాటేటప్పుడు ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే పైరు మొదళ్లకు గాలి వెలుతురు తగిలి సుడిదోమ తగ్గుతుంది. శాస్త్రజ్ఞులు చెప్పిన మాట ఇది, ఖర్చు లేనిది. ఖాళీ జాగాను ఏ కంపెనీ సీసాలో పోసి అమ్మగలదు? అమ్మలేనిదానిమీద వారు పరిశోధన చేయరు. వారిని తప్పు పట్టనక్కరలేదు, అది వారి వ్యాపారం. గనుకనే ఇట్టి జ్ఞానానికి ప్రజల సొమ్ము తప్ప దిక్కు లేదు.

ఇండోనేసియాలో ఇదే సుడిదోమ పంటను నాశనం చేసినప్పుడు శాస్త్రజ్ఞులు పొలాలలో దిగి చూశారు. మందు కొడితే దోమను తినే సాలెపురుగులు చస్తున్నవి. ఆకు తొడిమలో ఉన్న దోమ గుడ్లు మాత్రం బ్రదికి, పగవాడు లేని పొలంలో పొదుగుతున్నవి. 1986లో ఆ ప్రభుత్వం 57 రకాల మందులను వరిమీద నిషేధించి, ఆ తరువాత మందులపై ఇచ్చే రాయితీ ఎత్తివేసి, రైతులకు పొలంబడులు పెట్టింది. ధాన్యం తగ్గలేదు. శ్రీలంక సంగతి వేరు. 2021లో రసాయన ఎరువులను రాత్రికి రాత్రి ఆపివేశారు. పరిశోధన లేదు, ప్రత్యామ్నాయం లేదు. వరి పడిపోయింది, నవంబరులోనే ఆజ్ఞను వెనుకకు తీసుకొన్నారు. రెండు దేశాల ఉద్దేశం ఒకటే. మొదటివారు ముందు కొలిచారు.

ఇక డబ్బు. 2022-23లో కేంద్ర ప్రభుత్వం ఎరువుల రాయితీకి రెండున్నర లక్షల కోట్లకు పైగా వెచ్చించింది. యుద్ధం వలన ఆ యేడు ధరలు పెరిగిన మాట నిజమే. తరువాతి రెండేళ్లలోను లక్షన్నర కోట్లకు పైనే. అదే 2022-23లో దేశంలోని మొత్తం వ్యవసాయ పరిశోధన, విద్యా శాఖకు కేటాయించినది సుమారు 8,500 కోట్లు. 2024 నవంబరులో ఆమోదించిన జాతీయ ప్రకృతి సేద్య పథకానికి 2,481 కోట్లు. రాయితీ తీసివేయమని నేననను. అది తీస్తే ముందు కూలేది చిన్న రైతే. రాయితీలో నూటికి ఒక్క రూపాయి పాటి సొమ్మును పదేళ్లపాటు ఆగకుండా ఈ పరిశోధనకు ఇవ్వమంటున్నాను. ప్రభుత్వం మారినప్పుడల్లా మడులు దున్నివేసే పరిశోధన వలన ప్రయోజనం లేదు.

ఇంకొక మాట. నేల బాగుపడటానికి నాలుగైదేళ్లు పడుతుంది. కౌలు ఏడాదికి. వచ్చే సంవత్సరం ఎవరిదో తెలియని మడికి పేడ ఎవరు తోలుతారు? 2019 నాటి చట్టం సాగుదారునికి 11 నెలల కార్డు ఇచ్చింది, దానికీ యజమాని సంతకం కావలెనన్నది. కౌలుకు కాలపరిమితి పెంచే విధానం లేకుండా ప్రకృతి సేద్యం భూస్వాముల ముచ్చటగానే మిగులుతుంది. ఎక్కడైనా మన సంఘానికి నాలుగెకరాలుంటే ఏటేటా వేలం వేయడం మాని, ఒకే కౌలుదారునికి అయిదేళ్లకు ఇవ్వవలెను. అందులో ఒక అరెకరం కొలత మడిగా ఉంచి, రెండు పద్ధతుల ఖర్చూ దిగుబడీ పుస్తకంలో వ్రాయించవలెను. పరిశోధనా కేంద్రంవారిని చూడ పిలుద్దాం. ప్రభుత్వాన్ని పదేళ్లు అడిగేవారు తాము అయిదేళ్లు ఆగలేమంటే ఎట్లు?

భోజనానంతరం వినతిపత్రం మందిరం వాకిట బల్లమీద ఉంటుంది. వ్యవసాయ శాఖామాత్యులకు, మన శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు ప్రతులు పంపుతాము. సంతకం పెట్టేవారు ప్రక్కన తమ పొలం సొంతమో కౌలో, కౌలైతే ఎన్నేళ్లుగా అదే మడి చేస్తున్నారో కూడా వ్రాయండి. వ్రాయలేని పెద్దలకు యువజన సంఘంవారు సహాయం చేస్తారు.